దేవాలయమునకు తోడు గ్రంథాలయము

(ఆలయ పునఃప్రతిష్ఠా మహోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)





తుంగభద్రా తీరమున నున్న మన రాజోలి గ్రామమున ఆలయ జీర్ణోద్ధరణము పూర్తియై, పునఃప్రతిష్ఠ జరుగుచున్న ఈ శుభ సమయమున నన్ను మాటలాడుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. ఇట్టి సభలయందు అర్చకుడు స్థలపురాణమో, ఆగమ విశేషమో, ప్రతిష్ఠా ఫలమో చెప్పుట పరిపాటి. నేను గ్రంథాలయమును గూర్చి చెప్పదలచితిని. గుడి పండుగనాడు ఈ గ్రంథాలయపు ముచ్చట ఎందులకని మీలో కొందరికి తోచవచ్చును. ఈ రెండును ఒకే ప్రాంగణమున పుట్టినవని, మధ్యలో విడిపోయినవని, వీలైనచోట మరల కలియవలసినవని నా మనవి. కొంత ఓపికతో చదువగోరుచున్నాను.

ముందుగా జీర్ణోద్ధరణమను మాటనే చూతము. ఆలయము శిథిలమైనపుడు మేము వెంటనే రాళ్లు తొలగింపము. మూలమూర్తి యందలి కళలను మంత్రపూర్వకముగా కలశమునకు ఆకర్షింతుము. ఆ కలశమును బాలాలయమున నిలిపి, నిత్యార్చన ఒక్క పూటయైనను ఆగకుండ జరుపుదుము. పనులు ముగిసిన పిమ్మట ఆ కళలను మరల మూర్తియందు నిక్షేపింతుము. రాయి మారవచ్చును, గోడ మారవచ్చును, శిఖరము మారవచ్చును. లోపలి చైతన్యము మాత్రము ఒక చోటనుండి మరియొక చోటికి జాగ్రత్తగా చేరవలెను. జీర్ణోద్ధరణ విధి యంతయు ఈ యొక్క జాగ్రత్త చుట్టును అల్లుకొని యున్నది.

మన పూర్వులు గ్రంథమును కాపాడిన పద్ధతియు ఇదియే. తాళపత్రము శాశ్వతము కాదు. పురుగు, చెమ్మ, నిప్పు, వరద దాని శత్రువులు. ఆకు పెళుసెక్కినదని తెలియగానే ఇంటి పెద్ద క్రొత్త ఆకులు సిద్ధపరచి, గంటము పట్టి, పాత ప్రతిని చూచి క్రొత్త ప్రతిని వ్రాయించెడివాడు. సరిచూచిన పిమ్మట పాత ఆకులను నదిలో విడుచుట అనేక కుటుంబముల ఆచారము. ఇట్లు తరతరమునకు ఒక పునఃప్రతిష్ఠ జరిగినది గనుకనే వేయేండ్లనాటి గ్రంథములు మన చేతికి వచ్చినవి. ఏ యింట ఆ పని ఒక తరము ఆగెనో, ఆ యింట గ్రంథము అంతటితో నిలిచిపోయెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. వేదము చదువుకొన్నవాడు పుస్తకము పక్షమున వాదించుట ఏమని? సందేహము సమంజసమే. మా విద్య గురుముఖమునుండి శిష్యుని చెవికి చేరునది. పదము, క్రమము, జట, ఘనము అను పాఠక్రమములు ఒక్క స్వరమైనను జారిపోకుండ పెద్దలు కట్టిన కంచెలు. వ్రాసినది చూచి చదువువానిని శిక్షాశాస్త్రము అధమ పాఠకులలో చేర్చినది. పుస్తకమును నమ్ముకొన్న విద్య అక్కరకు రాదని మాకు బాల్యముననే నేర్పిరి. వేదము వరకు ఆ మాట నేటికిని సత్యమే. కాని వేదమునకు తోడుగా నున్న వ్యాకరణము, మీమాంస, జ్యోతిషము, ఆగమము, వైద్యము, పురాణములు, కావ్యములు, వానిపై వ్యాఖ్యలు, ఆ వ్యాఖ్యలపై టీకలు, ఇవన్నియు ఏ యొక్కని కంఠమును పట్టజాలవు. అందుచేత కంఠస్థ విద్యకు నిలయమైన ఘటికాస్థానములే గ్రంథ భాండాగారములకును నిలయములైనవి.

దీనికి మనకు దూరము కాని సాక్ష్యము కలదు. నేటి కర్ణాటక రాష్ట్రము కలబురగి జిల్లాలో, చిత్తాపురము సమీపమున నాగావి అను ప్రాచీన స్థలమున్నది. కల్యాణి చాళుక్యుల కాలమున అది గొప్ప ఘటికాస్థానము. క్రీ.శ. 1058 నాటి అచ్చటి శాసనము దేవాలయమునకు అనుబంధమైన విద్యాలయమును వర్ణించుచున్నది. వేదము చెప్పుటకు ముగ్గురు, శాస్త్రములు చెప్పుటకు ముగ్గురు ఆచార్యులు ఉండిరి. వారితోపాటు ఆరుగురు సరస్వతీ భండారికులు, అనగా గ్రంథ భాండాగారమును చూచువారు ఉండిరి. వీరికిని భూవృత్తులు ఏర్పడి యుండెను. చదువరులారా, ఈ లెక్కను ఒక్క క్షణము ఆలోచింపుడు. చదువు చెప్పువారు ఆరుగురైన, పుస్తకములు కాపాడువారును ఆరుగురే! దాదాపు వేయి సంవత్సరముల క్రిందట మన పొరుగున నున్న ఒక దేవాలయము గ్రంథరక్షణకు ఇచ్చిన స్థానమది. ఆ స్థానము నేడు మన ఆలయముల బడ్జెటులలో ఎచ్చట నున్నదో వెదకుకొనవలసి యున్నది.

తిరుమల క్షేత్రమున శ్రీవారి సన్నిధిలో సంకీర్తన భాండారము ఉండుట మీరెరిగినదే. తాళ్లపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలను, వారి కుమారుల, మనుమల రచనలను రాగిరేకులపై చెక్కించి అందు భద్రపరచిరి. ఆ రాతి అర ఎంత దృఢమైనదనగా, శతాబ్దములు గడచినను రేకులు చెడలేదు. కాని అవి వెలుగుచూచి, అచ్చుపడి, జనుల నోటికి ఎక్కుటకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చినది. దీనివలన మనము గ్రహింపవలసినది ఒకటున్నది. దాచుట వేరు, అందించుట వేరు. దాచినది భాండారము. పదిమందికి అందించినపుడే అది గ్రంథాలయము.

ఆ తేడాను దాచిపెట్టక చెప్పవలెను. పూర్వపు సరస్వతీ భండారములు ఎంత గొప్పవైనను వాని తలుపులు అందరికిని తెరువబడలేదు. చదువుకు అర్హుడెవడు, కాదెవడు అను గీతలు మన సమాజమున బలముగా నుండెను. స్త్రీలును, శ్రమచేసి బ్రతుకు అనేక కులములవారును ఆ గడప దాటలేదు. ఆ గీతను చెరిపినది, పుస్తకమును ఊరి ఉమ్మడి సొత్తుగా చేసినది పౌర గ్రంథాలయము. అందుచేతనే తెలుగుదేశమున గ్రంథాలయ స్థాపన ఒక ఉద్యమమైనది. ఆ చరిత్రను మన బాలబాలికలు తెలిసికొనవలెను.

మన ప్రాంతము అప్పటికి నిజాము రాజ్యమున నుండెను. 1884 వరకు పార్సీ, ఆ పిమ్మట ఉర్దూ రాజభాషలు. జనులలో ఎక్కువమంది తెలుగువారైనను కచేరీలో గాని, ఉన్నత విద్యలో గాని తెలుగునకు చోటు లేదు. 1891లో హైదరాబాదున ఆసఫియా గ్రంథాలయము వెలసినది. నేడు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అదియే. అరబ్బీ, పార్సీ, ఉర్దూ గ్రంథములకు అది గొప్ప నిలయము. తెలుగు పుస్తకమునకు ఇల్లు మాత్రము తెలుగువారే కట్టుకొనవలసి వచ్చినది.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆ కార్యమునకు ముఖ్య ప్రోత్సాహకులు. ఒక ఇంటిలో కొన్ని పుస్తకములతో మొదలైన ఆ నిలయము నేటికిని సుల్తాన్‌బజారులో నిలిచి యున్నది. దాని వెంట 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయము వెలసినవి. గ్రంథాలయములు పెట్టిన పిమ్మట వానిలో ఉంచుటకు తెలుగున శాస్త్ర, చరిత్ర గ్రంథములు చాలవని గుర్తించి, 1906లో కొమర్రాజువారు, వారి మిత్రులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. చూడుడు, ముందు అలమార వచ్చినది, పిమ్మట దానిని నింపు గ్రంథములు వచ్చినవి. చదువరి ఎదురుచూచుచున్నాడని తెలిసినపుడే రచయిత కలము పట్టును.

ఆ మండలిలో పనిచేసినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. వారు మన నదికి ఆవలి ఒడ్డున నున్న కర్నూలున 1883లో జన్మించిరి. స్వాతంత్ర్యోద్యమమున కారాగారమునకు వెళ్లిన తొలి తెలుగు నాయకులలో వారు అగ్రగణ్యులు. తరువాత జీవితమును వయోజన విద్యకును, గ్రంథాలయ సేవకును అర్పించి, 1960లో కీర్తిశేషులైరి. కోస్తా ప్రాంతమున అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభను కూర్చిరి. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. 1919 నవంబరు 14న చెన్నపట్టణమున అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగుటకు అయ్యంకివారి కృషియే మూలము. ప్రతి సంవత్సరము నవంబరు 14నుండి మనము జరుపుకొను గ్రంథాలయ వారోత్సవములకును ఆ తేదీకిని గల సంబంధము ఇది. 1918లో వేటపాలెమున ఆరంభమైన సారస్వత నికేతనమును మహాత్మాగాంధీ 1929లో సందర్శించిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూర తిప్పిరి. ఉత్సవమూర్తి తిరువీథులలో భక్తుని గుమ్మము చెంతకు వేంచేసినట్లు పుస్తకము చదువరి రేవునకు వేంచేసినది.

తెలంగాణమున ఈ కార్యము అంత సులువు కాలేదు. 1921 నవంబరున హైదరాబాదున జరిగిన ఒక సభలో తెలుగున మాటలాడబోయిన వక్తకు అవమానము జరిగినది. ఆ ఘటన ఫలితముగా ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము. ఆ సంఘము తన ముఖ్యోద్దేశములలో గ్రంథాలయ, పఠన మందిర స్థాపనను చేర్చుకొన్నది. ఖాసగీ పాఠశాల పెట్టవలెనన్నను, సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కావలసిన దినములవి. అట్టి కాలమున 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను గ్రంథాలయ మహాసభలు జరిగినవి. నలుగురు కూర్చుండి ఒక పత్రిక చదువుట కూడ ధైర్యమైన కార్యమే. చదువురాని రైతునకు చదువు వచ్చినవాడు బిగ్గరగా చదివి వినిపించెడివాడు. మన ఆలయ మండపములలో తరతరములుగా జరిగిన పురాణ కాలక్షేపమునకు ఇది సోదర కార్యము. అచ్చట భారత భాగవతములు, ఇచ్చట లోకవార్తలు.

ఇక మన సీమకు వత్తము. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన నడిగడ్డ విద్యకు పేదది కాదు. గద్వాల సంస్థానము విద్వద్గద్వాలగా ప్రసిద్ధి చెందినది. కార్తీక, మాఘ మాసములలో అచ్చట పండిత సభలు జరిగెడివి. నలుదిక్కులనుండి విద్వాంసులు వచ్చి, వాదించి, వార్షికములు గ్రహించి పోయెడివారు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములును సాహిత్య పోషణలో ఖ్యాతి గడించినవి. ఆ ప్రభువుల దాతృత్వమును కొనియాడవలసినదే. కాని ఆ గ్రంథములు ఆస్థానమున నుండెను. పండితుడు చూచెను, ప్రభువు చూచెను. పొలమున నున్నవాడు, మగ్గము గుంతలో కూర్చున్నవాడు చూడలేదు.

ఆ గ్రంథసంపదను జనుల వాకిటికి తెచ్చినవారిలో మొదట స్మరింపదగినవారు మన జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు. 1896లో బోరవెల్లి గ్రామమున జన్మించిరి. హైదరాబాదు రెడ్డి హాస్టలు కార్యదర్శిగా నుండి అచ్చటి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపణ వచ్చినపుడు వారు కోపముతో ఉత్తరము వ్రాసి ఊరకుండలేదు. ఊరూరనుండి పద్యములు తెప్పించి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆక్షేపణకు పుస్తకముతో సమాధానము చెప్పుట ఎట్లో అందరికిని చూపిరి. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది వారే. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తన తొలి పురస్కారమును 1955లో ప్రకటించినది. అప్పటికి వారు కీర్తిశేషులై రెండు సంవత్సరములైనది.

రెండవవారు అలంపురమును తన కర్మభూమిగా చేసికొన్న గడియారం రామకృష్ణశర్మగారు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు మహోత్సవములు అలంపురమున జరిగినపుడు ఆ కార్యమును నెత్తిన వేసికొన్నవారు ఆయన. సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఆ సభలకు విచ్చేసిరి. అంతటి మహాసభ ఒక చిన్న యూరిలో జరుగుట ఆ కాలమున పెద్ద వార్త. శాసనములు చదివి, ఆలయముల చరిత్ర వెలికితీసి, 2006లో శర్మగారు దివంగతులైరి. వారి ఆత్మకథ శతపత్రమునకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ప్రజలు చేసిన ఈ కృషికి ప్రభుత్వము చట్టపు రూపమిచ్చినది. 1948లో మదరాసు రాష్ట్రమునకు, 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు పౌర గ్రంథాలయ చట్టములు వచ్చినవి. రెండు ప్రాంతములు కలిసిన పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ఏర్పడినది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయములు దాని క్రింద నడచుచున్నవి. ఈ చట్టములో సామాన్యుడు తెలిసికొనవలసిన మాట ఒకటున్నది. మనము చెల్లించు ఇంటి పన్నుపై రూపాయకు 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరి యున్నది. ఐదు వందల రూపాయల ఇంటి పన్ను కట్టువాడు నలుబది రూపాయలు పుస్తకముల కొరకు కట్టుచున్నాడన్నమాట. అనగా గ్రంథాలయము ఎవరో దయతో పెట్టు అన్నదానము కాదు. మన మందరము హుండీలో వేసిన మన సొమ్మే. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు చేరుచున్నదా, చేరినది పుస్తకముగా మారి మన పిల్లల చేతికి వచ్చుచున్నదా అని అడుగు హక్కు ప్రతి ఇంటికిని కలదు. అడుగువాడు లేని హక్కు దీపము లేని గర్భగుడి వంటిది.

ఇప్పుడు మన రాజోలి సంగతి. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినపుడు మన యూరు మండల కేంద్రమైనది. నదీతీరమున పాత కోట, దానియందలి ప్రాచీనాలయములు, ఊరంత మగ్గముల చప్పుడు, ఇవి మన యూరి ఆనవాళ్లు. గద్వాల చీర పేరు దేశమంత వినబడుచున్నదన్న, దానిని నేసిన చేతులలో రాజోలి చేతులును ఉన్నవి. ఇదే నది 2009 అక్టోబరు మొదటి వారమున మన యూరిని ముంచినది. కర్నూలు, మంత్రాలయము, అలంపురము, రాజోలి, ఈ పేర్లు ఆనాడు ఒకే శ్వాసలో వినబడినవి. ఇండ్లు కూలినవి, మగ్గముల గుంతలు ఒండ్రుతో నిండినవి, నూలు, పట్టు నీటిపాలైనవి. ఆ నష్టమునకు లెక్కలు వ్రాసిరి, పరిహారములు ఇచ్చిరి, క్రొత్త ఇండ్లు లేచినవి. ఎవరును లెక్క వ్రాయని నష్టము ఒకటున్నది. అది పుస్తకములది. పిల్లల చదువు పుస్తకములు, పెద్దల పంచాంగములు, వంశచరిత్ర కాగితములు, పురాణ ప్రతులు, మందుల చిట్టాలు, భజన పాటల చేతివ్రాత పుస్తకములు, ఇవి ఏ జాబితాలోను ఎక్కలేదు.

ఆ సమయమున నేను గమనించిన విషయము ఒకటి మీకు చెప్పవలెను. నీట నానిన అచ్చు పుస్తకము ముద్దయై పుట విడదీయరానిదయ్యెను. సిరాతో వ్రాసిన కాగితము తెల్లబోయెను. తాళపత్రము మాత్రము, గంటముతో గీసిన గీత ఆకు లోపలికి దిగి యుండుటచే, మసి కడుగుకొనిపోయినను అక్షరమును విడువలేదు. ఎండ తగులనీయక నీడన ఆరబెట్టి, మరల మసి పూసి తుడిచినపుడు అక్షరములు లేచి వచ్చినవి. కాని అట్లు బ్రతికినవి పిడికెడు. కొట్టుకొనిపోయిన కట్టలకు మరియొక ప్రతి ఏ యింటను లేదు. ఒక్క ఇంటిలో ఒక్క ప్రతిగా నున్న పుస్తకమును ఒక్క రాత్రి వరద తీసికొనిపోగలదు. పది చోట్ల పది ప్రతులున్నదానిని ఏ వరదయు తీసికొనిపోజాలదు. శ్రీశైల జలాశయపు ముంపులో మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయికి అంకె వేసి విప్పి, అలంపురమునకు తరలించి, మరల పేర్చి నిలిపిరి. రాళ్లకు చూపిన ఆ శ్రద్ధను పుస్తకములకును చూపవలదా? నేడు ప్రతులు తీయుటకు గంటము పట్టనక్కరలేదు. ఛాయాచిత్రము తీసి దాచు సౌకర్యము ప్రతి చేతిలోను ఉన్నది. కేంద్ర ప్రభుత్వము 2003లో లిఖిత ప్రతుల సంరక్షణకు జాతీయ స్థాయిలో కార్యక్రమమును ఆరంభించినది. మన యిండ్లలో అటుకులపై ఎరుపు గుడ్డలో చుట్టి, దసరానాడు మాత్రము పసుపు కుంకుమలు చల్లి, విప్పక మరల కట్టిపెట్టు పుస్తకములు ఇంకను ఉన్నవి. పూజ చేయుడు, తప్పు లేదు. కాని విప్పి చూచి, పేరు వ్రాసి, ప్రతి తీసిన పిమ్మట చేసిన పూజయే సరస్వతికి పరిపూర్ణమైన పూజ.

అందుచేత ఆలయ పెద్దలకును, గ్రామస్థులకును నా విన్నపము ఇది. పునర్నిర్మితమైన ఈ ప్రాంగణమున ఒక గదిని పుస్తకములకు ఇండు. పేరు సరస్వతీ భండారమనుడు, పఠన మందిరమనుడు, మీ ఇష్టము. కొన్ని నియమములు మాత్రము పాటింపవలెను. మొదటిది, 2009లో నీరు నిలిచిన గుర్తు ఊరివారందరికిని తెలియును. ఆ గుర్తునకు పైననే పుస్తకముల అలమార ఉండవలెను. రెండవది, తలుపు అందరిది. కులము, మతము, స్త్రీ పురుష భేదము ఆ గడప వద్ద అడుగరాదు. స్నానము చేసి రమ్మని కూడ అడుగరాదు. మగ్గముమీదనుండి లేచి వచ్చినవాడు, చేను నుండి వచ్చినవాడు చేతులు తుడుచుకొని కూర్చుండి చదువవచ్చును. మూడవది, అందులో భక్తి గ్రంథములు మాత్రమే ఉండవలెనను పట్టు వలదు. పోటీ పరీక్షలకు చదువు యువకునకు కావలసిన పుస్తకములు, రైతునకు పంటల పుస్తకములు, నేతవారికి అద్దకము, అంచుల నమూనాల పుస్తకములు, పిల్లలకు కథలు, రోజువారీ పత్రికలు ఉండవలెను. నాలుగవది, వచ్చిన ప్రతి పుస్తకమునకు చిట్టాలో ఒక వరుస, తీసికొన్న ప్రతి పుస్తకమునకు ఒక సంతకము. లెక్క లేని హుండీ, చిట్టా లేని అలమార రెండును త్వరలో ఖాళీయగును. ఐదవది, ఇది ప్రభుత్వ గ్రంథాలయమునకు పోటీ కారాదు. దానికి తోడు కావలెను.

గుడిలో అన్య గ్రంథములు ఎట్లుంచుదుమని కొందరు పెద్దలు అడుగవచ్చును. మన పద్ధతిలో గణితము, వైద్యము, శిల్పము, సంగీతము అన్నియు విద్యాస్థానములే. వానిలో సరస్వతి లేని చోటు ఏది? గర్భాలయపు శుచికి గర్భాలయ నియమములు ఉన్నవి. మండపమునకు మండప నియమములు ఉన్నవి. పుస్తకపు గది మండపము వంటిది.

ఫోనులో అన్నియు దొరకుచుండగా పుస్తకములు ఎందులకని యువకులు అడుగవచ్చును. ఫోనును నేను నిందింపను. తిథి వార నక్షత్రములకు నేనును చూచుచున్నాను. కాని ఫోను మన మడిగినదానిని చూపును. అలమార మన మడుగనిదానిని కూడ ప్రక్కనే నిలిపి చూపును. ఫోను ఒంటరిగా చదివించును. పఠన మందిరము పదిమంది నడుమ కూర్చుండబెట్టి మౌనమును నేర్పును. ఇంటిలో చదువుకొనుటకు చోటు లేని బాలికకు, ఒకే గదిలో మగ్గము, వంట, పడక అన్నియు నడచు ఇంటి పిల్లవానికి, సాయంకాలము రెండు గంటలపాటు ఒక దీపము, ఒక బల్ల దొరకుట ఎంత మేలో ఆలోచింపుడు.

గ్రంథాలయ శాస్త్ర పితామహులైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో కడపటిదాని భావము గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి యని. అర్చకునకు ఈ మాట సులభముగా అర్థమగును. ప్రతిష్ఠ ఒక్క రోజు జరుగును. ఆనాడు వేలమంది వత్తురు. మరునాడు ఉదయము తలుపు తీయువాడు ఒక్కడు. దీపము పెట్టువాడు ఒక్కడు. ఆ ఒక్కడు మానినచో మహాకుంభాభిషేకము చేసిన గుడియైనను పాడుపడును. గ్రంథాలయములును అట్లే. రిబ్బను కత్తిరించిన నాడు అందరును ఉందురు. నెల తిరుగునప్పటికి తాళము ఎవరి వద్ద నున్నదో తెలియదు. నాగావి శాసనము ఆచార్యులతోపాటు భండారికులకును వృత్తి ఏర్పరచుటలోని మర్మము ఇదియే. పుస్తకములు కొనుట సులభము. ప్రతిదినము తలుపు తీయువానిని నిలుపుకొనుట కష్టము. దాతలు పుస్తకములు ఇచ్చుటతోపాటు, ఆ తలుపు తీయు మనిషికి నెలకు ఇంత యని భృతి ఏర్పరచినచో ఆ పుణ్యము నిత్యదీపమునకు నూనె ఇచ్చిన పుణ్యమునకు తక్కువ కాదు.

పాఠకులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చినది. దీనిని కూడ అటుకుపై పెట్టకుడు. చదువుడు, ఇంటిలో ఒకరికి చదివి వినిపింపుడు, ప్రక్క ఇంటికి ఇండు. మీ ఇంట నున్న పాత కట్టలలో ఏదైన నుండినచో ఈ వర్షాకాలము రాకముందే ఒక దినము నీడన విప్పి చూడుడు. సంవత్సరమునకు ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పుస్తకము చొప్పున ఇచ్చినను మన యూరి భండారము పదేండ్లలో ఏ పట్టణమునకును తీసిపోదు.

స్వామివారి అనుగ్రహమున పంటలు పండుగాక, మగ్గములు ఆడుగాక, నది తన గట్టుల నడుమ ప్రవహించుగాక, పిల్లల చేతులలో పుస్తకములు నిలుచుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.